టమోటా బాక్సుల వెనక తలుపు

మదనపల్లె, మంగళవారం రాత్రి

కుప్పం చంద్రప్పా నేనూ కలిసి చేస్తున్న కంప్యూటర్ షూటింగ్ గేమ్‌ని పుంగనూరు రఘు ఈ రోజే మొదటిసారి చూశాడట. అలాగని తనే చెప్పాడు. బెంగళూరు గేమ్ కంపెనీల్లో స్నేహితులున్నవాడు. మాదింకా అమ్మకానికి పెట్టని గేమ్.

నియాన్ లైట్ల టమోటా యార్డు, కాపలాకి రోబోలు. ఇలాంటి పాతకాలపు గేముల్లో రహస్యపు తలుపు కోసం కనిపించిన ప్రతి గోడనూ నొక్కి చూస్తారు. రఘు ఏ గోడనూ ముట్టుకోలేదు. నేరుగా బాక్సుల వెనక్కి వెళ్లి నొక్కాడు. తలుపు తెరుచుకుంది.

"నీకెట్ల తెలిసిందప్పా?" అన్నాను.

"ఊరికే నొక్కినా."

లోపలికి దర్జాగా నడిచి, నిన్ననే నేను కొత్తగా పెట్టిన గుంతలో పడి చచ్చాడు.

"ఈడ గుంత యాడ్నుంచి వచ్చె?" అన్నాడు. వెంటనే నవ్వేశాడు.

గుంత లేని పాత కాపీ చంద్రప్ప దగ్గర మాత్రమే ఉంది. ఛ, వాణ్ని అనుమానించడమేమిటి? ఒకే కంచంలో తిన్నవాళ్లం.

రఘు అటు బస్సెక్కాడో లేదో, ఇటు చంద్రప్ప ఫోన్. గేము మాటే ఎత్తకూడదనుకున్నాను.

"ఏమప్పా, తిన్నావా?" అన్నాను.

"నేను ఎవురికీ సూపీలేదప్పా," అన్నాడు.