ముటిజ్వా కోటు

ఫరాయి వాళ్లమ్మకు, నేను క్షేమంగానే చేరాను, కంగారుపడకు.

నిన్న మన ముటిజ్వాను మట్టిలో పెట్టాం. వాడికీ రవీరోకీ పెళ్లి కుదిర్చింది నేనే. ఆనాటి నుంచీ ముగ్గురం ఒక్క కుండలో తిన్నవాళ్లం. చావింట్లో పోయినవాడి బట్టలు తొడుక్కుని, వాడిలా మాట్లాడి, ఏడ్చేవాళ్లను నవ్వించాల్సింది ప్రాణస్నేహితుడే కదా! వాడి కోటు వేసుకుని, వాడిలాగే దగ్గి, "ఏమేవ్ రవీరో, రాగుల కల్లు నాకేమైనా మిగిల్చావా, ఊరందరికీ పోసేశావా?" అన్నాను. అందరూ పడి పడి నవ్వారు. రవీరో మాత్రం నవ్వలేదు. పీట నా ముందుకు జరిపి, "ఇంత ఆలస్యమేం? ఒక్కడివే వచ్చావే, మీ జోకోనియా ఏడీ?" అంది.

"నేనే జోకోనియాను చెల్లెమ్మా" అందామని నోరు తెరిస్తే మాట రాలేదు, దగ్గొచ్చింది. అది నా దగ్గు కాదు. వాడి ముసలికుక్క వచ్చి నా కాళ్ల మీద పడుకుంది.

కోటు అక్కడే విప్పేశాను. దగ్గు పోలేదు.

చూడి మేక ఈనిందా? పిండి ఆడించి ఉంచు. పిల్లలకు నా దీవెనలు. శనివారం బస్సుకు వస్తాను. తలుపు తట్టగానే తీయకు. ఎన్నడూ పిలవలేదు గానీ, ఈ ఒక్కసారికి నన్ను పేరు పెట్టి పిలువు. పలికితేనే గడియ తీయి.

జోకోనియా