వాసన పైకి రాకూడదు

జనవరి 9
ఈయన మళ్ళీ బేస్‌మెంట్‌లో. బీరు కాయడం కొత్త పిచ్చి. "ఆఫీసు వాళ్ళ కోసమే, నేను ముట్టను" — నా చెవిలో పువ్వులు. కాచినప్పుడల్లా గోడలన్నీ చెమ్మ. ఆవిరి పోవాలని కిటికీకి ఫ్యాన్ బిగించాడు. కెనడాలో, ఈ సస్కటూన్ చలికాలంలో కిటికీ తెరిచే మనిషిని ఇప్పుడే చూస్తున్నా.

జనవరి 12
శనివారం మా ఇంట్లో కాటేజ్ ప్రార్థన. చర్చిలో సంఘ పెద్దగా ఈయన పేరే అనుకుంటున్నారు. పాస్టరుగారి ముక్కుకి ఆ పులిసిన కంపు తగిలితే...? "ఫ్యాన్ పెంచుతాలే. పిసరంత వాసన కూడా పైకి రాదు." మెట్ల తలుపు కింద తువ్వాలు కుక్కుతున్నాడు. బాగా ఆరితేరాడు.

జనవరి 14
కింద నుంచి వచ్చాడు — కళ్ళు ఎర్రగా, తూలుతూ. తలనొప్పట. దగ్గరికెళ్ళి నోరు వాసన చూశా. కాఫీ. అయినా నమ్మను.

జనవరి 17
పాస్టరుగారికి ఏ వాసనా తెలియలేదు. కానీ రెండో పాటకే, ప్రార్థనకొచ్చిన కరుణమ్మ ఆంటీ తూగుతోంది. "కళ్ళు తిరుగుతున్నాయే అమ్మాయ్." మా షారోను సోఫాలో వాలిపోయి — "మమ్మీ, మై హెడ్ హర్ట్స్." వీళ్ళెవరూ తాగలేదే! అయితే గ్యాసా? గ్యాస్ అలారం కోసం చూశా — గోడకి ఖాళీ మేకు. "ఆవిరికి ఊరికే అరుస్తోందని తీశా" అన్నాడు ఈయన. కోట్లు కూడా వేసుకోనివ్వకుండా అందర్నీ మంచులోకి తోశా. 911.

జనవరి 18
అందరూ క్షేమం. దేవుడికి స్తోత్రం.

మెకానిక్ వచ్చాడు. బయటి గాలి కింద ఫర్నేస్ గదిలోకి, అదే ఇంటిని వేడిచేసే యంత్రం ఉన్న గదిలోకి, వచ్చే గొట్టంలో దుప్పటి ముక్క! గొట్టం మూసి, తలుపు మూసి, ఫ్యాన్ ఉన్న గాలంతా బయటికి లాగేస్తే... గ్యాస్‌తో నడిచే వేణ్ణీళ్ళ హీటరు వదిలే వాసనలేని విషపు పొగ చిమ్నీలోంచి పైకి పోకుండా ఇంట్లోకే దిగిందట. నేనేమో ఇన్నాళ్ళూ బీరుని అనుమానిస్తూ కూర్చున్నా.

"ఇదెవరు మూశారు?" అని మెకానిక్.
ఈయన నా వైపు చూడకుండా — "మా ఆవిడ. చలికి తట్టుకోలేదు."
నేను ఆ గదిలో అడుగే పెట్టను.

జనవరి 19
"ఆ దుప్పటి నేను కుక్కానా?" అని అడిగేశా. "నువ్వే అనుకున్నా... నిజంగా." ఆ కంగారు చూస్తే ఒళ్ళు మండింది. పిల్ల ప్రాణం మీదికొచ్చాక కూడా అబద్ధమేనా!

సాయంత్రం పాస్టరుగారు నాకే ఫోన్. "చలి అని గాలి గొట్టాలు మూయకూడదమ్మా. ఇకనైనా జాగ్రత్త." అప్పుడే అక్కడిదాకా చేరవేశాడన్నమాట. ఈయన ఎదురుగానే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాడు, తల ఎత్తకుండా.

"సరేనండి" అన్నాను.

ఎందుకన్నాను?