అన్న నంబరు తగిలించుకుని

అమ్మా, సియోన్. దీవెన అడిగాను కదా, ముందు నన్ను దీవించు, తరువాత చదువు.

ఇక్కడ అందరం కులాసా. మిర్తిలా పెద్దమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు తగ్గలేదు. నువ్వు ఆ పోర్టోరికోలో ముసలావిడను ఎత్తీ దించీ నడుం విరగ్గొట్టుకోకు. నీ శ్రమను పిండుకోవడం ఆవిడ కొడుకులకు బాగా అలవాటైంది. సరే, కోప్పడకు, ఉపన్యాసం ఆపాను.

పోయిన ఉత్తరంలో రెండు అడిగావు. అన్నను నీళ్ళ దొంగ అన్నారట, నిజమేనా అని. ఓ మధ్యాహ్నం నీకు ఫోన్ చేసి, మాట్లాడకుండా ఎందుకు పెట్టేశాడు, ఒంట్లో బాగుందా అని. మొదటిదానికి జవాబు ముందు చెబుతాను.

మన పేట నీళ్ళ సంఘం పంపుకు ఫోన్‌తో నడిచే మిషన్ పెట్టారు కదా. అది ఎవరి చేతిలో ఉండాలంటే అందరూ అన్న నెల్ఫ్రి పేరే చెప్పారు. గొట్టాల కోసం ఇంటింటికీ కరపత్రాలు పంచింది నేను, గొంతు చించుకున్నది నేను. నమ్మకం మాత్రం అన్న మీద. ఎప్పటిలాగే. అన్న నంబరు నుంచి ఆదేశం రావాలి, పంపు దగ్గరుండే మిర్తిలా పెద్దమ్మ తన ఫోన్‌లో ‘సరే’ నొక్కాలి, అప్పుడు వాల్వు తిరుగుతుంది. ఆ మిషన్‌కు మనిషి తెలియదు, నంబరే తెలుసు.

ఒకరోజు పేటలో కుళాయిలన్నీ ఎండిపోయాయి. మన నీళ్ళు రోడ్డవతల ట్యాంకర్లవాళ్ళ తొట్టిలోకి పోయాయి. ఆదేశం ఎక్కడి నుంచి వచ్చిందని చూస్తే, అన్న నంబరు నుంచే. “అమ్ముకున్నాడు” అన్నారు. ఆదివారం సభలో సంఘం నుంచి గెంటేస్తామన్నారు. అన్న తనకిష్టమైన అరటికాయ ముద్ద, మంగూ పళ్ళెం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. నీ దగ్గర దాచను, నా కడుపు చల్లబడింది.

ఆ సంబరంతోనే పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను.

“వాడి ఊసెత్తకురా,” అంది. “పెత్తనం రాగానే కళ్ళు నెత్తికెక్కాయి. ఫోన్ చేసి ‘నొక్కు, తొందరగా’ అంటాడా? సియోన్ లేదు, ఏం లేదు! నేను పెద్దమ్మనా, పనిమనిషినా?”

“మాట్లాడింది అన్నేనా?”

“వాడి పేరే పడింది. గొంతు బొంగురుగా ఉంటే జలుబన్నాడు. జలుబు చేస్తే దీవెన అడగడానికి నోరు పడిపోతుందా?”

“మరి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదేం?”

“మా ఇంటి పిల్లాడికి పెంపకం లేదని పేటంతా చాటమంటావా?”

పకపకా నవ్వాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది. మన నెల్ఫ్రి పెద్దమ్మను సియోన్ అనకుండా పలకరిస్తాడా? తాగి ఇంటికొచ్చిన రోజు వీధి గోడను కూడా దీవెన అడిగాడు కదా!

ఓ కరపత్రంలో చదివాను. ఇంటర్నెట్ నుంచి ఫోన్ చేసేవాడు, అవతల ఏ నంబరు కనబడాలో తనే రాసుకోగలిగే దొంగదారులున్నాయట. అంటే ఎవరైనా అన్న పేరు తగిలించుకుని తలుపు కొట్టవచ్చు. నంబరు చూసి తెరిచే మిషన్ తెరిచేస్తుంది. దీవెన అడగాలని ఆ దొంగకు తెలియదు. అడగకపోవడాన్ని పెద్దమ్మ పొగరనుకుంది. దొంగతనం అనుకోలేదు.

అమ్మా, ఆ రాత్రి నోరు మూసుకుని కూర్చుందామనే అనిపించింది. కూర్చోలేకపోయాను.

సభలో అన్నను ముందుకు పిలిచి, రెండు చేతులూ పైకెత్తి నిలబడమన్నాను. ఆ దొంగదారిలోనే నా ఫోన్ నొక్కాను. పెద్దమ్మ ఒళ్ళో ఫోన్ మోగింది.

“నెల్ఫ్రి అని పడుతోందే!” అంటూ ఆమె అన్న ఖాళీ చేతులు చూసి శిలువ గుర్తు వేసుకుంది.

వెనక నుంచి ఎవరో అరిచారు. “అయితే ఆ రోజు చేసింది నువ్వేనేమో యూరీ!”

పెద్దమ్మ లేచింది. “వీడా? వీడు నన్ను తిట్టడానికి ఫోన్ చేసినా ముందు సియోన్ అంటాడు. ఆ రోజు చేసినవాడు అనలేదు. కూర్చో నువ్వు!”

అన్న బయటపడ్డాడు. ఇకమీదట ఆదేశం వస్తే పెద్దమ్మే అన్నకు తిరిగి ఫోన్ చేయాలి, సియోన్ వినబడితేనే నొక్కాలి. నాకు చప్పట్లు కొట్టారు. మిషన్ మళ్ళీ అన్న చేతికే ఇచ్చారు.

ఇక రెండోది. నీకొచ్చిన ఆ ఫోన్ అన్న చేయలేదమ్మా. సభకు ముందు ఒకసారి పరీక్షించి చూడాలి కదా. ఎవరికైనా చేయవచ్చు. అన్న నంబరు తగిలించుకుని నీకే చేశాను. నేను నోరు తెరవకముందే నువ్వు, “దేవుడు నిన్ను చల్లగా చూడాలి నా ప్రాణమా, తిన్నావా?” అన్నావు. నా నంబరు కనబడితే, “మళ్ళీ ఎవరితో గొడవరా?” అంటావు. నీకు అలాంటి గొంతు ఒకటుందని నాకు తెలియదు. ఆ దొంగ నీళ్ళు ఎత్తుకుపోయాడు, నేను అన్న దీవెన ఎత్తుకొచ్చాను. సియోన్ అనడానికి నోరు రాలేదు. పెట్టేశాను.

అందుకే ఫోన్ మానేసి రాస్తున్నాను. ఈ కోడి గెలికిన రాత నాదేనని నీకు తెలుస్తుంది. ఈసారి నా నంబరు కనబడినప్పుడు, గొడవ సంగతి తరువాత అడుగు. ముందు తిన్నానా అని అడుగు.

ఇట్లు,
సొంత పేరుతోనే,
నీ రెండో కొడుకు
యూరి