ఎండలో ఆరిన రహస్యం

బావగారికి,

నీటి బోర్డు సభ్యుల ఎంపిక పరమ రహస్యం. బయటపడితే నా గుమాస్తా ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే. అందుకే ఆఫీసు కాగితం కాకుండా ఇంటి కాగితం మీద రాస్తున్నాను.

సోమవారం దరఖాస్తులు పిలుస్తాం. మీరూ ఒకటి పడెయ్యండి. దరఖాస్తే లేకుండా సభ్యుడయ్యారంటే నలుగురూ నవ్వుతారు. సభ్యుడిగా మీ పేరు రాసిన నేమ్ బోర్డు అప్పుడే తయారైంది. పెయింటరు దాన్ని కొట్టు ముందు ఎండలో ఆరబెడితే వీధి వీధంతా చదివేసింది. అక్కయ్యకు మాత్రం చెప్పకండి, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

మిమ్మల్నే ఎందుకు ఎంచుకున్నారని ఎవరైనా అడిగితే, కారణాలు రహస్యమనండి. అబద్ధమేం కాదు బావగారూ, ఫైలంతా తిరగేసినా నాక్కూడా ఒక్కటీ దొరకలేదు.

ఇట్లు,
ఎంపిక విభాగంలోని మీ బావమరిది