సీసాలో డీజిల్

ఎల్లారెడ్డి, 12 ఆగస్టు 2012, ఆదివారం

సెలవులో ఆఖరి రోజు కూడా పొలంలోనే గడిచింది. కరెంటు లేదు, నారుమడి ఎండుతోంది. బామ్మర్ది రాజు ఆయిల్ ఇంజిన్‌లో డీజిల్ పోయబోతుంటే ఆపి, కొంచెం గాజు సీసాలో పట్టి ఎండకు ఎత్తి చూశాను. అడుగున నీళ్లు. మొన్నటి వాన క్యాన్‌లోకి దిగినట్టుంది.

"ఏంది బావా, గిది దుబాయి ఇమానం అనుకుంటున్నవా?" అన్నాడు. విసుక్కుంటూనే పైన తేరిన డీజిల్ వంచి పోశాడు. హ్యాండిల్ తిప్పగానే ఇంజిన్ అందుకుంది.

"ఆడ గిదేనా పని?" అని నా భార్య స్వరూప నవ్వింది.

గిదే. విమానానికి ఇంధనం నింపే ముందు ప్రతిసారీ సీసాలో పట్టి చూడాలి. నీళ్లుంటే పైన చలికి గడ్డకట్టి ఇంధనం దారి మూసుకుపోతుంది, ఇంజిన్ ఆగినా ఆగుతుంది.

ఒళ్లంతా నొప్పులు. రేపే తిరుగు ప్రయాణం. అక్కడ ఒకడు రాకపోతే రెండు డ్యూటీలూ ఇంకొకడే చేస్తాడు. తెల్లవారుజామున నిద్ర ముంచుకొచ్చే కళ్లకు ఏ సీసా అయినా తేటగానే కనిపిస్తుంది.

రేపు నేనెక్కే విమానం దగ్గర సీసా ఎత్తి చూసేవాడు ఈ రాత్రి నిద్రపోయాడో లేదో...