ఇంగ్లీషులో వచ్చిన జవాబు

విజయవాడ, మంగళవారం రాత్రి

పంట నష్టం దరఖాస్తుల వెబ్‌సైటు సంపూర్ణంగా తెలుగులోకి వచ్చినదని నేడు ధ్రువీకరించి సంతకం చేశాను. ప్రోగ్రాములోంచి సాఫ్ట్‌వేర్ ఏరి ఇచ్చిన ప్రతి వాక్యాన్నీ అనువదించాను కనుక ఆ పత్రంలో అబద్ధమేమీ లేదు.

సిరా ఆరకముందే, పరీక్షకని పిలిపించిన మైలవరం రైతు సుబ్బమ్మ గారు తన మామిడి తోట దరఖాస్తును మా ఎదుటే ఫోన్‌లో పంపారు. ఫొటో సైజు ఎక్కువైనందున దరఖాస్తు నమోదు కాలేదని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది.

"ఇంగ్లీషులో వచ్చిందంటే పై ఆఫీసుకి చేరిపోయినట్టేగా అండీ!" అని ఆవిడ ఫోన్‌ను కళ్ళకద్దుకుని బయలుదేరారు.

మెట్లు దిగేలోపు పిలవవచ్చు. మేనేజరు గారు నా ధ్రువపత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెడుతున్నారు. నేను పిలవలేదు.

ఆ వాక్యం నా దాకా ఎందుకు రాలేదని తరువాత ప్రోగ్రామర్ కిరణ్‌ను విచారించాను.

"అనువాదానికని మేం గుర్తు పెట్టిన వాక్యాలే మీకొస్తాయి సార్. ఎర్రర్ మెసేజ్‌లకి పెట్టలేదు. అసలు ఎర్రర్లే రాకుండా చేశాం కదండీ!"

ఈ ఆత్మవిశ్వాసం ఫైలులో భద్రపరచదగినది.

దరఖాస్తుల గడువు రేపు సాయంత్రం. ఉదయాన్నే ఆవిడకు ఫోన్ చేయాలి. ఏమని చెప్పాలో రాసుకుందామని కూర్చున్నాను. "మీ దరఖాస్తు చేరలేదండీ" అన్న మొదటి వాక్యం సులువుగానే వచ్చింది. "నాకు అప్పుడే తెలుసండీ" అన్న రెండోదాన్ని ఇప్పటికి మూడుసార్లు కొట్టేశాను.