జ్వరం దిగాక

నా బంగారు అక్కకి,

ఫోన్ చేస్తే నా గొంతు నన్ను పట్టిచ్చేస్తుంది. అందుకే రాసి, మా నర్సు చేత పంపిస్తున్నాను. కూర్చుని చదువు.

బావ ఈ పొద్దున కూడా జోకులేశాడు. "మరదలు డాక్టరైతే సూది నొప్పి పుట్టదనుకున్నానే!" అన్నాడు. పైకి జ్వరం తప్ప ఏమీ లేదు. కానీ రక్తపరీక్షలు బాగా లేవు. వైరస్‌తో పోరాడే కణాలు పడిపోయాయి. ఒంట్లో వాపును పట్టిచ్చే ఫెరిటిన్ నిన్నటికన్నా మూడింతలైంది. ఇలా ఉన్నవాళ్లలో చాలామందికి రెండు మూడు రోజుల్లో ఊపిరి అందదు. అప్పుడు గొంతులో గొట్టం వేస్తాం. ఇక మాట ఉండదు. అందరికీ అలా కావాలని లేదక్కా, ఈ అంకెలు తప్పడమూ చూశాను. కానీ నీ విషయంలో ఆ ఆశ పట్టుకుని ఊరుకోలేను.

"నిజం చెప్పు" అని బావే అడిగాడు. చెప్పాను. విన్నాక, "మీ అక్కని పిలువు, మాట్లాడాలి" అన్నాడు. అంటుజబ్బు వార్డైనా నిన్ను లోపలికి రానిచ్చేలా పెద్ద డాక్టర్ని ఒప్పించాను. వెంటనే బయలుదేరు.

నీ చెల్లి

* * *

బుజ్జీ,

నువ్వు భయపడ్డట్టు కాలేదు. మీ బావ ఇంటికొచ్చి వారమైంది. అత్తగారు వీధంతా చెప్పుకుని మురిసిపోతున్నారు.

ఆ రోజు ఆయన ఏం చెప్పారో నువ్వు అడగలేదు. మాస్కు వేసుకుని మంచం పక్కన నిలబడ్డాను. నా చెయ్యి పట్టుకుని, "పిల్లలు పుట్టకపోవడానికి లోపం నాదే. పెళ్లయిన రెండో ఏడే డాక్టర్ చెప్పాడు. అమ్మ నిన్ను గొడ్రాలంటుంటే నోరు మెదపలేకపోయాను" అన్నారు. ఆయన తల నిమిరి, "పోనీలెండి" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నానే. పోయే మనిషితో ఏం పోట్లాడతాం?

ఆయన పోలేదు. నిన్న భోజనాల దగ్గర అత్తగారు మళ్లీ ఎత్తుకున్నారు. "దేవుడు నా కొడుకుని బతికించాడు గానీ, దీని కడుపు మాత్రం పండించలేదు" అని. నేను ఆయన వైపు చూశాను. కంచంలోంచి తలెత్తలేదు. గదిలోకి వచ్చాక అడిగితే, "జ్వరంలో ఏదో వాగాను, పట్టించుకోకు" అన్నారు.

బతికినందుకు సంతోషమే బుజ్జీ. ఒట్టు. వేళకి మందులిస్తున్నాను. శుక్రవారంతో అవి అయిపోతాయి. శనివారం నీ దగ్గరికి వస్తాను. నీ గదిలో నాకూ ఓ మంచం వెయ్యి. ఈసారి చుట్టపుచూపుగా కాదు.

అక్క